కాగితం ఎక్కని నర్సింహులు

రామ్మా, లోపలికి రా. చెప్పులు అక్కడే వదిలేయి, ఎవరూ ఎత్తుకుపోరు, కాటన్‌పేటలో దొంగలు కూడా ఇప్పుడు కంపెనీ చూసే తీస్తారు. ఆ కుర్చీలో వద్దు, దాని కాలూ నా మోకాలూ ఒకటే. ఈ స్టూలు మీద కూర్చో, ఇదో నీకు కాఫీ తెప్పించినాను, తాగు. నువ్వు చైత్రవి కదా, నర్సింహులు కూతురి కూతురివి. ఫోన్‌లో అంతా చెప్పినావులే, మళ్ళా మొదలుపెట్టద్దు. మీ జయమ్మ అవ్వకు ఎనభై ఎనిమిదేళ్ళు. మొగుడి పేరు గుర్తుండాది, మొగుడు తిట్టిన తిట్లు వరసగా గుర్తుండాయి, మొగం మాత్రం మరిచిపోయింది. ఆయన ఎట్ల ఉండె, ఒక్కసారి చూపించండి అని పొద్దస్తమానం అడుగుతాంది. ఇల్లంతా వెతికితే ఒక్క ఫోటో దొరకలేదు. ముప్పై ఏళ్ళు ఊళ్ళోవాళ్ళ ఫోటోలన్నీ కడిగిన మనిషికి సొంతంగా ఒక్క ఫోటో లేదు. ఈ వెంకటరాయప్ప దగ్గర ఉంటే ఉండాల అని మీ అమ్మ చెప్పింది. అంతే కదా. చెప్తాను, తొందరేమి. ముందు ఆ సంచిలో ఏముండాదో బయటికి తియ్యి.

ఓహో. ఫోటోలు కడిగే ఫైబరు పేపరు. చుట్టూ నల్ల కవరు, పైన ఇంగ్లీషు, బరువు చూడు, పెండ్లి పత్రిక మాదిరి ఉండాది. వారమంతా కంప్యూటరు ముందర కూర్చునేది, శని ఆదివారాలు బ్రూక్‌ఫీల్డ్‌లో మీ ఇంటి బాత్‌రూము తలుపు వేసుకొని ఎర్ర లైటు పెట్టుకొని ఫోటోలు కడిగేది. మీ ఇంట్లోవాళ్ళు స్నానం ఎక్కడ చేస్తారమ్మా. సరే, ఇది మంచి పనే, మీ తాత రక్తం ఎక్కడికి పోతాది. ప్లాస్టిక్ పూత వేసిన పేపరు ఉంటాది చూడు, దాన్ని రెండు నిమిషాలు నీళ్ళలో ఆడించి చొక్కా మాదిరి ఆరేయొచ్చు, ఎవరైనా చేస్తారు, చెయ్యి లేనివాడు కూడా చేస్తాడు. ఫైబరు అట్ల కాదు. అసలు కాగితం, నీళ్ళు తాగుతాది, మందులు తాగుతాది, తాగినవి కక్కమంటే గంట సేపు కక్కుతాది. ఆరేటప్పుడు అప్పడం చుట్టుకున్నట్టు చుట్టుకుంటాది. తడిగా ఉన్నప్పుడు ఒక వెలుగు, ఆరినాక ఒక మెట్టు నలుపు. పెండ్లిచూపులప్పుడు ఒక మొగం, పెండ్లి అయినాక ఒక మొగం, అంతే. నేను చెప్పేది రాసుకోవా? రాసుకోవద్దులే, నేను చెప్పింది ఎవరూ మరిచిపోలేదు ఇంతవరకు.

నేనంటే ఏమనుకున్నావు. ఆ రోజుల్లో మెజెస్టిక్ బస్టాండులో దిగి వెంకటరాయప్ప అంటే ట్రాఫిక్ పోలీసు బండ్లు ఆపేసి దారి చూపించేవాడు. నేను కెమెరా ఎత్తితే మబ్బు పక్కకు జరిగేది. నవ్వు, నవ్వు, నీకేం తెలుసు. చిక్‌పేటలో ఒక సత్రంలో పెండ్లి, సరిగ్గా తాళి కట్టే టైముకు కరెంటు పోయింది, నా ఫ్లాష్ బల్బు టప్పుమని పేలింది. పురోహితుడు ఆగిపోయినాడు. నేను కానీయండి స్వామీ అన్నాను. పెండ్లికూతురి ముక్కుపుడక మీద దీపం వెలుతురు మినుక్కుమంటాంది కదా, ఆ వెలుతురు చాలు నాకు. ఆ ఒక్క ఫోటో చూసి ఆ ఇంట్లో ఇంకా పదకొండు సంబంధాలు కుదిరినాయి. పదకొండు. ఎనిమిది అని మీ తాత అనేవాడు, ఆయప్పకు లెక్కలు రావు.

అట్లాంటి నేను తీసిన ఫోటోలను కడిగేది ఎవరు? మీ తాత. స్టూడియోలో ముందర గదిలో లైట్ల మధ్యన నేను, వెనక చీకటి గదిలో ఆయప్ప. నాకన్నా పదిహేనేళ్ళు పెద్ద. మనిషి సన్నం, మాట ఇంకా సన్నం, గోర్లు మందులో నాని నాని కాఫీ రంగు. నేను అందరి ముందర అనేవాణ్ణి, నేను సూర్యుణ్ణి, నర్సింహులు చంద్రుడు, నా వెలుతురే ఆయప్ప వెలుతురు అని. లోపల్నుంచి తలుపు సందులో వినిపించేది ఆ సన్న గొంతు: "అవునప్పా, సూర్యుడివి కాబట్టే నెగటివ్‌లన్నీ మాడ్చి పంపిస్తాండావు." అంతే, తలుపు మూసుకునేది. ముందర కూర్చున్న గిరాకీ నవ్వేవాడు. నేను కూడా నవ్వేవాణ్ణి, ఏం చేస్తాము, మొగం మీద లైటు ఉండె.

ఆయప్పకు పిచ్చి ఒకటి కాదు. కాగితం ఎంచేది చూడాల నువ్వు. చెక్క బీరువాలో ప్యాకెట్లు పేర్చి పెట్టుకునేవాడు, ఒకటో నంబరు నలుపు తెలుపు కలిపేసే మెత్తనిది, నాలుగో నంబరు వాటిని విడదీసి చూపించే గట్టిది, మధ్యలో రెండు మూడు. అందులో మళ్ళా వెచ్చ కాగితం, చల్ల కాగితం. వెచ్చదాంట్లో నలుపు కొంచెం గోధుమ రంగు వైపు పోతాది, చల్లదాంట్లో నీలం వైపు. మనం ఏం చేస్తాము, నెగటివ్ చూసి నంబరు తీస్తాము. ఈయన నెగటివ్‌ను వెలుతురుకు పట్టుకొని అడిగేవాడు: "ఈ మనిషి ఏం పని చేస్తాడు?" పని ఏంటికప్పా, పిల్లనిస్తావా అంటే, "ఎండలో నిలబడేవాడైతే వెచ్చ కాగితం, ఫ్యాను కింద కూర్చునేవాడైతే చల్ల కాగితం." ఇదీ ఆయప్ప శాస్త్రం. ఒకసారి రెవెన్యూ ఇన్‌స్పెక్టరు ఒకాయన ఫోటో మూడు రోజులు ఆపేసినాడు. ఏమప్పా అంటే, "ఎండలో తిరగాల్సినవాడు ఫ్యాను కింద కూర్చున్నాడు, ఏ కాగితం వెయ్యాలో తెలియకుండా ఉండాది." ఆ మాట ఆ ఇన్‌స్పెక్టరు చెవిన పడింది. మా స్టూడియో మెట్లు రోడ్డు మీదికి వచ్చినాయని నోటీసు వచ్చింది. మెట్లు కొట్టేసినారు. ఇప్పటికీ చూడు, లోపలికి రావాలంటే ఎగరాల.

పట్టు చీరల రామాంజనేయులు సంగతి మీ అమ్మ చెప్పిందా? చెప్పి ఉండదు, నేను ఉన్న కథలు మీ ఇంట్లో చెప్పుకోరు. ఆయన మంచి నలుపు, నిగనిగలాడే నలుపు, తూకం వేసే ఇనప గుండు మాదిరి ఉండేవాడు. అంగట్లో గద్దె వెనక పెట్టుకోవాలని పెద్ద ఫోటో అడిగినాడు. నేను తీసినాను, రాజు కూర్చున్నట్టు తీసినాను. మీ తాత వెచ్చ కాగితం వేసి, సెలీనియం నీళ్ళలో ముంచి తీసినాడు. ఆ సెలీనియం ముక్కు పగిలే వాసన, విషం, కానీ నలుపును ఇంకా లోతుకు దింపుతాది, బొమ్మ ఆయుష్షు పెంచుతాది. నిజం చెప్తాను, ఫోటో చూస్తే ఆయన చెంప మీద చెయ్యి వెయ్యాలనిపించింది నాకు. రామాంజనేయులు చూసి, "ఏమయ్యా, నన్ను బొగ్గుల బస్తా చేసి పెట్టినారు, తెల్లగా కడగండి" అన్నాడు. తలుపు సందులోంచి గొంతు: "తెల్ల మొగం ఎవరిది కావాలో చెప్పమను, ఆ నెగటివే వేస్తాను." గలాటా. గిరాకీని పోగొట్టుకుంటామా, నేను లోపలికి పోయి ప్లాస్టిక్ పేపరు మీద, లైటు సగం తగ్గించి, నా చేత్తో ఒకటి కడిగినాను. ఇడ్లీ మాదిరి వచ్చినాడు. ఆయన సంతోషంగా తీసుకుపోయినాడు. వారం తిరిగే లోపల మళ్ళా వచ్చి మెట్లు లేని గడప మీద నిలబడినాడు, గొంతు తగ్గించి, "ఆ మొదటిది ఇచ్చేయప్పా. అంగడికి వచ్చినవాళ్ళంతా ఈయన ఎవరు, మీ భాగస్తుడా అని అడుగుతాండారు." మీ తాత తలుపు సందులోంచి చెయ్యి మాత్రం బయటికి పెట్టి ఆ మొదటిది ఇచ్చినాడు. అట్ల ఇచ్చేది చూడు, అది తిట్టేదానికన్నా బేజారు.

ఇంగ రంగు పట్టించే సంగతి. నువ్వు ఇందాక ఫోన్‌లో అడిగినావే, బ్రౌను చేసేది ఎట్ల తాతా అని. మా సందులో దానికి ఒక పద్ధతి ఉండె. బతికున్నోళ్ళకు నలుపు తెలుపు, పోయినోళ్ళకు బ్రౌను. ఎవరు పెట్టినారో తెలియదు. దండ వేసే ఫోటో బ్రౌనుగా ఉండాల, అంతే. ఒక బ్యాంకు మేనేజరు రిటైరు అవుతా, ఫ్యాషనని తన ఫోటోను బ్రౌను చేయించుకున్నాడు. ఆయన పెండ్లాము దాన్ని చూసి, చీపురు చేత్తోనే స్టూడియోకి వచ్చింది. బ్రౌను చెయ్యాలంటే రెండు తొట్లు. మొదటి తొట్టిలో బ్లీచు, బొమ్మ మొత్తం చెదిరి పసుపు మరక మాదిరి అయిపోతాది, కొత్తవాళ్ళకు గుండె ఆగిపోతాది. రెండో తొట్టిలో వేస్తే కొబ్బరి పీచు రంగులో మళ్ళా లేచి వస్తాది. ఆ రెండో తొట్టి వాసన కుళ్ళిన కోడిగుడ్డు వాసన. చుట్టూ గుడ్డు ముట్టని ఇండ్లు. పదిమంది చేరి, నర్సింహులు లోపల కూర్చొని ఆమ్లెట్లు వేసుకుంటాండాడని బిల్డింగు ఓనరుకు అర్జీ పెట్టినారు. ఓనరు వచ్చి చీకటి గదిలో బాణలి కోసం వెతికినాడు.

అన్నిటికన్నా ముఖ్యం కడిగేది. ఫైబరు కాగితంలో బొమ్మను నిలబెట్టే ఫిక్సరు మందు, హైపో అంటాము, అది పీచుల్లో దాక్కొని ఉంటాది. పోయే దాకా పారే నీళ్ళలో పెట్టాల. మాకు ఏడుండె పారే నీళ్ళు? పొద్దున రెండు గంటలు కొళాయి, స్టూడియోకి, వెనకనే ఉన్న మీ తాత ఇంటికి అదొక్కటే. కొళాయి కింద ఇంట్లో కడవలు పెట్టాలా, ఆయప్ప ఫోటోల తొట్టి పెట్టాలా. మీ అవ్వ గొంతు సందు చివరిదాకా వినిపించేది: "తాగేదానికి చెంబెడు నీళ్ళు లేవు, ఎవరెవరి మొగాలకో గంగాస్నానం చేయిస్తాండాడు ఈ మనిషి." ఆయప్ప మాత్రం ఫోటోను ఒక మూల పట్టుకొని ఎత్తి, కారే చుక్కను నాలిక మీద వేసుకునేవాడు. తమాషా కాదమ్మా, హైపో మిగిలి ఉంటే చుక్క తియ్యగా ఉంటాది. తియ్యదనం పోయి ఉత్త నీళ్ళు రుచి వచ్చే దాకా తొట్టి తియ్యడు. నువ్వు అట్ల చెయ్యద్దు, అది విషం. పరీక్ష చేసే మందు వేరే ఉండాది. కడుపులో పోసుకొని పోసుకొని ఆయప్పకు షుగరు వచ్చింది. డాక్టరు స్వీట్లు ఎక్కువ తింటావా అని అడిగితే, నేను చెప్పినాను, ఊళ్ళోవాళ్ళ ఫోటోలన్నీ నాకుతాడు సార్ అని. నేను ఏ రోజూ నాలికకు పెట్టలేదు. నా కంటి చూపుతోనే హైపో ఉండాదా లేదా చెప్పేవాణ్ణి. నూటికి నూరు. సరే, నూటికి తొంభై తొమ్మిది.

ఫోటో సంగతికి వస్తాండాను, ఉండు. ఆయప్ప కెమెరా ముందర నిలబడేవాడు కాదు. "నా మొగానికి కాగితం దండగ" అనేవాడు. నేను పందెం కట్టినాను, నీ ఫోటో తీసి తీరుతాను అని. ఒక రోజు మధ్యాహ్నం ఊపిరి కోసం తలుపు తీసి గడపలో నిలబడినాడు, వెనక చీకటి, ముందర నేను. చెయ్యి కెమెరా మీదే ఉండె. నొక్కినాను. ఒక్కటే. ఫిల్మును నేనే తీసుకుపోయి ఆయప్ప చేతికిచ్చినాను, కడుగు, నీ మొగం నువ్వే కడుక్కో అని. అరగంటకు బయటికి వచ్చినాడు. నవ్వుతా వచ్చినాడు, నా జన్మలో ఆ మనిషి నవ్వింది చూసింది రెండు సార్లు. నెగటివ్ నా ముందర పట్టుకొని, "ఒరే వెంకటరాయప్పా, ముక్కుపుడక వెలుతురులో తీసినోడివి, పట్టపగలు ఇంత పలచగా తీసినావు చూడు. దీంట్లోంచి బొమ్మ లాగేవాడు ఈ ఊళ్ళో నేనొక్కణ్ణే. నేను లాగను" అన్నాడు. జేబులో వేసి పోయినాడు. చూడమ్మా, తప్పు నాది కాదు. చీకటి తలుపు, ఒక్క క్షణం, దేవుడు వచ్చినా అంతే పడుతుండె. కొంచెం పలచగా పడింది. కొంచెమే. సరే, పలచగానే పడింది. చూస్తే గాజు పలకకు ఆవిరి పట్టినట్టుండాది.

తొంభై రెండులో ఆయప్ప పోయినాడు. అప్పటికి అంతా కలరు, మెషీన్లో వేస్తే గంటలో వచ్చేది, చీకటి గదిని సామాన్ల గది చేసినాము. పదో రోజుకు ఫోటో కావాలని మీ అవ్వ వచ్చింది. ఇదే గడప. "అన్నా, ఆయనది నువ్వు తీసింది ఒకటి ఉండాదంట కదా, బ్రౌనులో చేసియ్యి" అన్నది. వెంకటరాయప్ప ఉండంగా నీకేం దిగులమ్మా అన్నాను. ఆయప్ప పెట్టె తీసినాను, నెగటివ్ ఉండాది. కాగితం కూడా ఉండాది, మిగిలినవి నాలుగే నాలుగు షీట్లు. మూడేమో రెండో నంబరువి, ఒక్కటే నాలుగో నంబరు. పలచ నెగటివ్‌కు గట్టి కాగితం వెయ్యాల, మొదటి రోజు నేర్పించే పాఠం అది. నేను ఏం చేసినాను? రెండో నంబరు తీసినాను. నేను తీసిన నెగటివ్‌కు నాలుగో నంబరు ఏంటికి, అది చేతకానోళ్ళకు అనుకున్నాను. బూడిద. రెండోది బూడిద. మూడోది బూడిదలో కండ్లద్దాలు. అప్పుడు నాలుగో నంబరు తీసినాను, వెలుతురుకు అడ్డంగా చేతులు ఆడించి ఆడించి కావలసినంతే పోసి, మందులో వేసినాను. వచ్చినాడమ్మా. ఆ ఎర్ర లైటు కింద మెల్లగా ముక్కు, తరువాత నుదురు, నోరు కొంచెం తెరిచి, ఏదో అనబోతాండాడు. నేను గట్టిగా అరిచినాను, చూసినావా అప్పా, నువ్వొక్కడివేనా లాగేది అని. ఎవరితో అన్నానో.

అట్లనే ఆరబెట్టి ఇచ్చి ఉంటే అయిపోతుండె. కానీ ఆయమ్మ బ్రౌను అడిగింది. పదో రోజు రేపే. మధ్యాహ్నం, కొళాయిలో నీళ్ళు లేవు. రెండు బకెట్లలో ముంచి లేపినాను, పది నిమిషాలు, అంతే. చూపుతో చెప్పేవాణ్ణి కదా నేను, పోయింది హైపో అని చెప్పేసినాను. బ్లీచులో వేసినాను. బొమ్మ చెదిరింది, చెదరాల్సిందే కదా, భయం లేదు. రెండో తొట్టిలో వేసి నిలబడినాను. తలుపు వచ్చింది. చొక్కా మడత వచ్చింది. కండ్లద్దాల ఫ్రేము వచ్చింది. మొగం రాలేదు. హైపో మిగిలిన కాగితాన్ని ఆ బ్లీచులో వేస్తే రెండూ కలిసి బొమ్మను తినేస్తాయి, పలచగా ఉన్న చోటు ముందు తింటాయి. నేను ఇంకా నిలబడే ఉన్నాను, వస్తాడేమో అని. ఖాళీ మొగానికి కండ్లద్దాలు.

మీ అవ్వతో ఏం చెప్పినానా? చెప్పినాను ఏదో. నెగటివే చెడిపోయిందమ్మా, కడిగేటప్పుడు ఆయనే పాడు చేసుకున్నాడు, ఇంగ దాంట్లోంచి ఏమీ రాదు అని చెప్పినాను. ఆయన చేతిలో జీవితంలో ఒక్క నెగటివ్ చెడలేదు. ఆయమ్మకు తెలుసు. నా మొగం చూసింది, "పోనీలే అన్నా, ఆయనకు ఇష్టం లేదు కదా" అని పోయింది. అది జరిగి ముప్పై మూడేళ్ళు. ఎట్ల చూస్తాండావు నన్ను? ఆ నెగటివ్ పారెయ్యలేదమ్మా. ఈ బీరువాలోనే, ఇదో, ఈ కవర్లో. తీసుకో. అంచు పట్టుకో, వేలిముద్ర పడుతాది. అందుకే చెప్తాండాను, నువ్వు తెచ్చిన దాంట్లో గట్టి నంబరు ఉంటేనే ముట్టుకో, ఉన్నా నీ వల్ల కాదు, ఆ నెగటివ్ నుంచి బొమ్మ లాగే మొనగాడు ఒక్కడే ఉండె, ఆ ఒక్కడే దాంట్లో ఉండాడు. కనీసం ఏడాది నా దగ్గర నేర్చుకో, ఆదివారం ఆదివారం రా, అప్పుడు చూద్దాము. ఏం చేస్తాండావు? కిటికీకి ఏంటికి పెడతాండావు? ఫోన్‌తో దాన్ని ఫోటో తీస్తే ఏమొస్తాది, నెగటివ్ నెగటివ్‌గానే వస్తాది, చెప్తే వినవు, మీ తాత మాదిరే. తిప్పేదేంది. నలుపును తెలుపు చేసేదా. దాంట్లో అది కూడా ఉండాదా.

ఇటు తే.

ఎంతసేపు పట్టింది నీకు? ... ఒకసారి నొక్కినావు. వేలితో జరిపినావు, అంతే.

ఆ, ఆయనే. నోరు అట్లనే ఉండాది. చొక్కా కూడా. ఇది ఫోటో కాదమ్మా, కాగితం లేదు, ఏమీ లేదు, అద్దం మీద వెలుతురు. కానీ ఆయనే. అవ్వకు ఇప్పుడే పంపిస్తావా? ఉండు. పంపించద్దు అనడం లేదు, ఒక్క నిమిషం ఉండు. నెగటివ్ చెడిపోలేదని తెలుస్తాది కదా ఆయమ్మకు. తెలియనీలే. తెలియాల్సిందే. నేనే వస్తాను, నేనే చెప్తాను, నీకెందుకు ఆ మాట. ఆటో పిలువు. చొక్కా మార్చుకుంటాను, ఈ చొక్కాతో వస్తే బాగుండదు. మీ ఇంటికి ఇక్కణ్ణుంచి కె.ఆర్.పురం మీద పోవాలా? ట్రాఫిక్ చాలా ఉంటాది ఈ టైములో. ఇవాళ శుక్రవారమా? శుక్రవారం ఎవరింటికైనా పోయి ఇట్లాంటి మాట చెప్తే ఎట్లుంటాదో. నువ్వు ఇంకా కాఫీ తాగలేదు. చల్లారిపోయింది చూడు, ఇంకోటి తెప్పిస్తాను, కూర్చో.